ఫౌస్టో కొప్పి

ఏంజెలో ఫౌస్టో కొప్పి (సెప్టెంబర్ 15, 1919 - జనవరి 2, 1960) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ సైకిలు పందెగాడు. ఇటలీ దేశాన్ని చుట్టివచ్చే జిరో డి ఇటాలియా పందేన్ని 5 పర్యాయాలు (1940, 1947, 1949, 1952, 1953), ఫ్రాన్స్ దేశాన్ని చుట్టివచ్చే టూర్ డి ఫ్రాన్స్ పందేన్ని 2 పర్యాయాలు (1949, 1952) గెలుచుకున్నాడు. ఈ రెండింటినీ ఒకే సంవత్సరంలో గెలిచిన మొట్టమొదటి వ్యక్తి ఇతడే. ఇటలీ ప్రజలు ఇతడిని "ఇల్ కాంపియోనిస్సిమో", అనగా విజేతలకే విజేత, అని పిలుచుకున్నారు.

కొప్పి పేరు నిలిచిపోవడానికి విజయాల సంఖ్య ఒక్కటే కారణం కాదు. పందేనికి శరీరాన్ని ఏ విధంగా సిద్ధపరచాలి, ఏమి తినాలి, ఎప్పుడు విశ్రమించాలి, జట్టును ఎట్లా నడపాలి అనే విషయాలను ఒక పద్ధతిగా ఆచరించి చూపిన తొలితరం పందెగాళ్ళలో ఇతడు అగ్రగణ్యుడు. తరువాత కాలపు రోడ్డు సైక్లింగ్ శిక్షణలో ఇతడి ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

బాల్యం

కొప్పి ఇటలీ వాయవ్య భాగంలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, అలెస్సాండ్రియా జిల్లాకు చెందిన కాస్టెల్లానియా అనే చిన్న కొండ గ్రామంలో జన్మించాడు. తండ్రి డొమెనికో, తల్లి ఏంజియొలీనా. వారిది పేద వ్యవసాయ కుటుంబం. ఐదుగురు సంతానంలో ఇతడు నాలుగవవాడు. చివరివాడైన సెర్సే కూడా తరువాత సైకిలు పందెగాడయ్యాడు.

చిన్నతనంలో కొప్పి బక్కపలుచగా ఉండేవాడు. చదువుపై ఆసక్తి లేక 13 ఏళ్ళ వయసులో బడి మానివేసి, సమీపంలోని నోవి లిగురే పట్టణంలో ఒక మాంసపు దుకాణంలో పనికి కుదిరాడు. సరుకులను సైకిలుపై ఇంటింటికీ చేరవేయడం అతని పని. కొండదారులలో బరువు వేసుకొని రోజూ తొక్కడమే అతనికి లభించిన మొదటి శిక్షణ అనవచ్చు. ఓడలో ఉద్యోగం చేసే పినతండ్రి ఇచ్చిన డబ్బుతో మంచి సైకిలు సమకూరింది. 15 ఏళ్ళ వయసులో గెలిచిన మొదటి పందెంలో 20 లీరాలు, మాంసం పెట్టిన ఒక రొట్టె బహుమతిగా లభించాయి. 1938లో లైసెన్సు తీసుకొని గెలిచిన మొదటి పందెంలో ఒక అలారం గడియారం దక్కింది.

కవన్నా శిక్షణ

దుకాణంలో పనిచేసే కాలంలోనే కొప్పికి బియాజియో కవన్నాతో పరిచయం ఏర్పడింది. కవన్నా మర్దన చేసే నిపుణుడు. పూర్వపు మహావిజేత కొస్టాంటే జిరార్డెంగో వద్ద పనిచేసిన అనుభవం అతనిది. కంటిచూపు కోల్పోయినవాడు కావడంతో పందెగాళ్ళను చేతివేళ్ళతో తడిమి కండరాల స్థితిని, అలసటను అంచనా వేసేవాడు. ఎముకలు బయటకు కనిపించే కొప్పి శరీరాన్ని చూసినవారు ఇతడు పందేలకు పనికిరాడని అనుకునేవారు. ఆ బలహీనమైన పైభాగం వెనుక ఉన్న విశాలమైన ఊపిరితిత్తులను, నెమ్మదిగా కొట్టుకునే గుండెను, పొడవైన తొడలను గుర్తించినవాడు చూపులేని కవన్నాయే కావడం విశేషం.

నోవి లిగురేలో కవన్నా యువకులకు ఒక పాఠశాల వంటిది నడిపేవాడు. అక్కడ క్రమశిక్షణ కఠినంగా ఉండేది. తెల్లవారుజామునే లేవడం, కొండదారులలో సుదీర్ఘంగా తొక్కడం, మితంగా తినడం, త్వరగా నిద్రించడం తప్పనిసరి. కొప్పికి అనుచరులుగా పేరుపొందిన ఆండ్రియా కరెయా, ఎట్టోరే మిలానో వంటివారు ఈ పాఠశాల నుండి వచ్చినవారే.

తొలి విజయం, గంట రికార్డు

1940లో లెన్యానో జట్టు కొప్పిని తన నాయకుడు జీనో బర్తాలికి సహాయకుడిగా జిరోలో ప్రవేశపెట్టింది. పందెం మొదటి రోజులలోనే బర్తాలి పడిపోయి వెనుకబడ్డాడు. ఫ్లోరెన్స్ నుండి మోడెనా వరకు జరిగిన దశలో అబెటోనే కనుమ మీద వర్షంలో కొప్పి ఒంటరిగా ముందుకు సాగిపోయి ఆధిక్యం సంపాదించాడు. 20 ఏళ్ళ వయసులో జిరో గెలిచి, ఆ పందేన్ని గెలిచిన వారందరిలో పిన్నవయస్కుడయ్యాడు. పందెం జూన్ 9న ముగిసింది. ఆ మరునాడే ఇటలీ రెండవ ప్రపంచ యుద్ధంలోకి దిగింది.

సైన్యంలో ఉంటూనే కొప్పి 1942 నవంబర్ 7న మిలాన్ నగరంలోని విగొరెల్లి వెలోడ్రోమ్‌లో గంట రికార్డుకు ప్రయత్నించాడు. ఒక గంటలో ఎంత దూరం తొక్కగలిగితే అంత అనేదే ఈ రికార్డు. అతడు 45.798 కిలోమీటర్లు తొక్కి, ఫ్రాన్స్‌కు చెందిన మారిస్ అర్షాంబో రికార్డును కేవలం 31 మీటర్ల తేడాతో అధిగమించాడు. ఆ రోజుల్లో మిలాన్‌పై బాంబుదాడులు జరుగుతున్నాయి.

ఈ ప్రయత్నంలోని సాంకేతిక వివరాలు గమనించదగినవి. సైకిలుకు ముందు చక్రానికి 52 పళ్ళు, వెనుక చక్రానికి 15 పళ్ళు ఉన్న ఒకే ఒక గేరు అమర్చారు. ఈ గేరుతో పెడళ్ళు ఒక చుట్టు తిరిగితే సైకిలు సుమారు 7.4 మీటర్లు ముందుకు పోతుంది. కొప్పి నిమిషానికి సగటున 103 చుట్ల చొప్పున గంటసేపు తొక్కాడు. అంతకంటే పెద్ద గేరు వేసి నెమ్మదిగా తొక్కితే కాళ్ళ కండరాలు త్వరగా బిగుసుకుపోతాయి. చిన్న గేరు వేసి మరీ వేగంగా తిప్పితే ఊపిరి అందదు. ఈ రెండింటి మధ్య తన శరీరానికి సరిపోయిన స్థానాన్ని పట్టుకోవడంలోనే నేర్పు ఉంది. ఈ రికార్డు 1956లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ అంకెటిల్ అధిగమించేవరకు 14 సంవత్సరాలు నిలిచింది.

1943లో కొప్పిని ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగానికి పంపారు. ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ సేనలకు బందీగా చిక్కి, దాదాపు రెండేళ్ళు ఖైదీగా గడిపాడు. 1945లో ఇటలీలోని కసెర్టా వద్ద ఉన్న బ్రిటిష్ వైమానిక స్థావరానికి మార్చబడ్డాడు. అక్కడ అతనికి ఒక సైకిలు దొరికింది. యుద్ధం ముగిసినప్పుడు 25 ఏళ్ళ వయసున్న ఇతడు పందెగాడికి అత్యంత విలువైన సంవత్సరాలను కోల్పోయి ఉన్నాడు.

శిక్షణ పద్ధతులు

యుద్ధానంతరం బియాంకి జట్టులో చేరిన కొప్పి తన సన్నాహాలను పూర్తిగా మార్చుకున్నాడు. అంతకుముందు తరం పందెగాళ్ళు అధికంగా సహజ శక్తిపైన, ఓర్పుపైన ఆధారపడేవారు. పందెం రోజు ఉదయం భారీగా మాంసం తిని బయలుదేరడం, తొలి గంటలలో నెమ్మదిగా సాగి చివర వేగం పెంచడం సాధారణ విషయం. అరగడానికి చాలాసేపు పట్టే ఆహారం కడుపులో ఉండగా కాళ్ళకు కావలసిన శక్తి సకాలంలో అందదు.

కొప్పి మాంసాన్ని తగ్గించి ధాన్యాలు, కూరగాయలు, పండ్లు ఎక్కువగా తీసుకునేవాడు. పందెంలో కూడా ఆకలి వేసేవరకు ఆగకుండా కొద్దికొద్దిగా తింటూ ఉండేవాడు. పిండిపదార్థాలే దీర్ఘశ్రమకు ముఖ్యమైన ఇంధనమని నేటి క్రీడాశాస్త్రం చెప్పే విషయాన్ని ఇతడు అనుభవంతో ఆచరించాడు.

శిక్షణలో రెండు విషయాలకు ప్రాధాన్యమిచ్చాడు. మొదటిది దూరం. పందెం నిడివికి శరీరం అలవాటుపడేవరకు సుదీర్ఘమైన తొక్కుళ్ళు. రెండవది వేగంలో మార్పు. ఒకే వేగంతో గంటలకొద్దీ తొక్కే శరీరం ఆ ఒక్క వేగానికే అలవాటుపడుతుంది. అందువల్ల మధ్యమధ్య తీవ్రంగా తొక్కి, కొంత తేరుకొని, మళ్ళీ తీవ్రంగా తొక్కడం అవసరం. వెలోడ్రోమ్ పందేలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. ఇద్దరు ఎదురెదురు వైపుల నుండి బయలుదేరి ఒకరినొకరు తరిమే పర్స్యూట్ పోటీలో కొప్పి 1947, 1949 సంవత్సరాలలో ప్రపంచ విజేతగా నిలిచాడు. పెడళ్ళను వేగంగా, కుదుపు లేకుండా తిప్పే అలవాటు అక్కడ బలపడింది.

పందెం ముగిసిన తరువాత మర్దన, తగినంత నిద్ర కూడా శిక్షణలో భాగమని ఇతడు భావించాడు. శ్రమించినంత మాత్రాన శక్తి పెరగదు, శ్రమ తరువాత తేరుకునే సమయంలోనే కండరం బలపడుతుంది. నేడు ఇది సామాన్య విషయంగా అనిపించినా, ఎంత ఎక్కువ తొక్కితే అంత మంచిదని నమ్మే రోజులవి.

ఈ సన్నాహాల ఫలితం 1946 మార్చి 19న లోకానికి తెలిసింది. యుద్ధం తరువాత జరిగిన మొదటి మిలాన్ - సాన్ రెమో పందెంలో కొప్పి ఆరంభంలోనే ఒక చిన్న గుంపుతో ముందుకు వెళ్ళాడు. తురకీనో కనుమ వద్ద మిగిలిన ఒక్కరినీ విడిచిపెట్టి దాదాపు 145 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. రెండవ స్థానంలో వచ్చిన లూసియాన్ టెస్సేర్ 14 నిమిషాల తరువాత గానీ చేరలేదు.

ఒంటరి ప్రయాణం అనేది సైకిలు పందెంలో అత్యంత కష్టమైన పని. వేగం పెరిగేకొద్దీ గాలి నిరోధం వేగపు వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. గుంపులో ఉన్నవాడికి ముందున్నవాడు గాలిని అడ్డుకుంటాడు, ఒంటరివాడు మొత్తం గాలిని తానే చీల్చుకోవాలి. ఫ్రెంచి పాత్రికేయుడు పియర్ షానీ లెక్క ప్రకారం 1946 నుండి 1954 వరకు కొప్పి ఒకసారి గుంపును విడిచి ముందుకు పోయాక వెనుకవారు అతడిని తిరిగి అందుకున్న సందర్భమే లేదు.

తొక్కే విధానం, గేర్లు, జట్టు

కొప్పి నేలమీద నడిచేటప్పుడు పొడవాటి కాళ్ళతో, ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీతో అంత అందంగా కనిపించేవాడు కాదు. సైకిలు ఎక్కగానే ఆ శరీరానికి ఒక అమరిక వచ్చేది. ఏటవాలు ఎక్కేటప్పుడు అధికంగా సీటుపై కూర్చునే, భుజాలు కదపకుండా, ఒకే లయలో తొక్కేవాడు. పైభాగం ఊగితే శక్తి వృథా అవుతుంది. బర్తాలి తొక్కే తీరు దీనికి భిన్నం, అతడు తరచుగా లేచి నిలబడి కుదుపులతో దూకేవాడు.

నాటి గేర్లు మార్చడం కూడా ఒక విద్యే. 1950 నాటి పారిస్ - రూబే పందెంలో కొప్పి వాడిన కాంపన్యోలో గేరులో, సీటు వెనుక కిందిభాగంలో ఉన్న మీటను చేయి వెనుకకు చాచి తిప్పి, పెడళ్ళను వెనుకకు తొక్కుతూ చెయిన్‌ను ఒక పళ్ళచక్రం నుండి మరొకదానికి మార్చాలి. రాళ్ళు పరచిన దారిలో, గుంపు మధ్యలో ఇది చేయడానికి ఎంతో అభ్యాసం కావాలి. ఆ పందెంలో అర్రాస్ పట్టణం వద్ద ఇతరులు ఆహారపు సంచులు అందుకునే సమయంలో కొప్పి ముందుకు దూకి, చివరకు ఒంటరిగా గమ్యం చేరాడు. ఆ గేరుకు తరువాత ఆ పందెం పేరే స్థిరపడింది.

ఇటలీలో నాయకుడి కోసం శ్రమించే జట్టు సభ్యుడిని గ్రెగారియో అంటారు. నీళ్ళు తేవడం, గాలిని అడ్డుకోవడం, అవసరమైతే తన చక్రం ఇచ్చివేయడం వీరి విధులు. ఈ వ్యవస్థ కొప్పి సృష్టి కాకపోయినా, దానిని పూర్తిస్థాయిలో ఉపయోగించుకున్నవాడు ఇతడే. 1952 టూర్‌లో లొసాన్ దశలో ముందుకు వెళ్ళిన గుంపుతో పాటు సాగిన కరెయా, అనుకోకుండా మొత్తం మీద ఆధిక్యంలోకి వచ్చి పసుపు జెర్సీ పొందాడు. నాయకుడికి చెందవలసిన దానిని తాను తీసుకున్నానని అతడు కన్నీరు పెట్టుకున్నాడు. మరునాడే, టూర్ మొట్టమొదటిసారిగా చేరిన అల్ప్ ద్యుయేజ్ శిఖరంపై కొప్పి గెలిచి ఆ జెర్సీని ధరించాడు. ఆ టూర్‌లో కొప్పి ఆధిక్యం ఎంతగా పెరిగిందంటే, ఇతరులలో ఆసక్తి నిలపడానికి నిర్వాహకులు రెండవ స్థానపు బహుమతిని పెంచవలసి వచ్చింది. చివరకు 28 నిమిషాల 17 సెకండ్ల తేడాతో గెలిచాడు.

బర్తాలితో పోటీ

బర్తాలి కొప్పి కంటే 5 సంవత్సరాలు పెద్దవాడు, టస్కనీ ప్రాంతానికి చెందిన పరమ భక్తుడు. యుద్ధానంతర ఇటలీలో సంప్రదాయాన్ని కోరేవారు బర్తాలి వైపు, కొత్తదనాన్ని కోరేవారు కొప్పి వైపు చేరి ఊరూరా వాదించుకునేవారు. 1948లో ప్రపంచ పోటీలో ఇద్దరూ ఒకరినొకరు కాపు కాసుకుంటూ చివరకు పందెమే మానుకోవడంతో ఇటలీ సమాఖ్య ఇద్దరినీ కొంతకాలం బహిష్కరించింది.

కొప్పి బలానికి రహస్యం ఏదో మందులో ఉందని బర్తాలి అనుమానం. 1946 జిరోలో కొప్పి తాగి పారవేసిన ఒక చిన్న సీసాను బర్తాలి పందెం ముగిసిన తరువాత ఆ చోటికి వెళ్ళి గడ్డిలో వెదికి పట్టుకుని, పరీక్ష చేయించాడు. అది ఎవరైనా కొనుక్కోగల మామూలు టానిక్ అని తేలింది. ఈ సంగతిని బర్తాలి స్వయంగా తరువాత వెల్లడించాడు.

1949 జిరోలో కూనియో నుండి పినెరోలో వరకు 254 కిలోమీటర్ల దశ జూన్ 10న జరిగింది. ఆల్ప్స్ పర్వతాలలోని మద్దలేనా, వార్, ఇజోఆర్, మోంజెనేవ్ర్, సెస్ట్రియేరే అనే ఐదు కనుమలు దాటాలి. కొప్పి మొదటి కనుమ మీదనే బయలుదేరి 192 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కాడు. రెండవవాడైన బర్తాలి 11 నిమిషాల 52 సెకండ్లు వెనుకబడ్డాడు. ఆ సంవత్సరం పత్రిక తరఫున పందేన్ని అనుసరించిన రచయిత డీనో బుజ్జాటి ఈ ఇద్దరినీ గ్రీకు ఇతిహాసంలోని అకిలీస్, హెక్టర్‌లతో పోల్చాడు.

అదే ఏడాది టూర్‌లో కొప్పి తొలి దశలలో పడిపోయి, సైకిలు విరిగి, 36 నిమిషాలకు పైగా వెనుకబడి, పందెం మానివేయడానికి సిద్ధపడ్డాడు. ఇటలీ జట్టు నిర్వాహకుడు, పూర్వ విజేత ఆల్ఫ్రెడో బిండా అతికష్టం మీద నచ్చజెప్పి నిలిపాడు. పారిస్ చేరేసరికి కొప్పి మొదటివాడు, బర్తాలి రెండవవాడు. శరీరాన్ని ఎంత శ్రద్ధగా సిద్ధపరచినా మనసు కుంగిపోయే స్వభావం ఇతడిని జీవితాంతం వెంటాడింది.

1953లో జిరోలో మొట్టమొదటిసారిగా చేర్చిన స్టెల్వియో కనుమ మీద స్విట్జర్లాండ్‌కు చెందిన హ్యూగో కోబ్లెట్‌ను వెనుకకు నెట్టి ఐదవ జిరో గెలిచాడు. అదే సంవత్సరం లుగానో నగరంలో ప్రపంచ రోడ్డు విజేత అయ్యాడు.

ఉత్ప్రేరకాల వాడకం

ఆ కాలంలో పందెగాళ్ళలో యాంఫెటమిన్ వంటి ఉత్ప్రేరకాల వాడకం విస్తారంగా ఉండేది. వాటిని నిషేధించే నియమాలు 1960లలో గానీ రాలేదు. తాను కూడా వాడినట్లు కొప్పి దాచుకోకుండా అంగీకరించాడు. కనుక ఇతడి విజయాలన్నింటికీ శిక్షణ ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. అయితే పోటీదారులు కూడా అవే మందులు వాడుతున్నప్పుడు, ఇతడి ఆధిక్యానికి మందులే కారణమనడం కూడా నిలవదు.

గాయాలు, వ్యక్తిగత జీవితం

కొప్పి ఎముకలు పెళుసైనవి. 1950 జిరోలో కటి ఎముక విరిగింది. 1951 జూన్‌లో తమ్ముడు సెర్సే పీడ్‌మాంట్ పందెంలో చక్రం ట్రాము పట్టాలో చిక్కుకొని పడిపోయి, అదే రోజు మరణించాడు. ఈ మరణం కొప్పిని తీవ్రంగా కలచివేసింది.

1945లో బ్రూనా చాంపొలీనీని వివాహమాడిన కొప్పికి మరీనా అనే కుమార్తె కలిగింది. తరువాత ఒక వైద్యుని భార్య అయిన జూలియా ఒక్కీనితో ఏర్పడిన సంబంధం ఇటలీ అంతటా దుమారం రేపింది. ఆమె ధరించిన తెల్లని కోటును బట్టి పత్రికలు ఆమెకు శ్వేతవనిత అని పేరు పెట్టాయి. నాటి ఇటలీ చట్టం ప్రకారం వివాహేతర సంబంధం నేరం. 1954లో ఆమె కొంతకాలం జైలులో ఉండవలసి వచ్చింది. 1955లో న్యాయస్థానం ఇద్దరికీ శిక్ష విధించి అమలును నిలిపివేసింది. వీరి కుమారుడు ఫౌస్టీనో అదే ఏడాది అర్జెంటీనాలో జన్మించాడు.

1955 జిరోలో కొప్పి 13 సెకండ్ల తేడాతో ఫియొరెంజో మాన్యి చేతిలో ఓడిపోయాడు. తరువాత శక్తి క్షీణించినా పందేలు మానలేదు. 1960 సంవత్సరానికి, పాత ప్రత్యర్థి బర్తాలి నిర్వహించే జట్టులో చేరడానికి అంగీకరించాడు.

మరణం

1959 డిసెంబర్‌లో కొప్పి, అంకెటిల్, రాఫేల్ జెమినియానీ తదితరులతో కలిసి ఆఫ్రికాలోని ఎగువ వోల్టా (నేటి బుర్కినా ఫాసో) దేశంలో ఒక ప్రదర్శన పందెంలోనూ వేటలోనూ పాల్గొన్నాడు. కొప్పి, జెమినియానీ ఒకే గదిలో పడుకున్నారు. ఇద్దరికీ మలేరియా సోకింది. దోమల ద్వారా ఈ వ్యాధి వ్యాపించే తీరు 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ పరిశోధనతో తేలినదే. చికిత్సకు క్వినైన్ కూడా అందుబాటులో ఉన్నదే.

ఫ్రాన్స్‌లో జెమినియానీ రక్తపరీక్షలో మలేరియా అని బయటపడి తగిన చికిత్స జరిగింది. ఈ సమాచారం ఇటలీకి చేరవేయబడినా, కొప్పికి చికిత్స చేస్తున్నవారు దానిని పరిగణించక వేరే వ్యాధిగా భావించారు. 1960 జనవరి 2 ఉదయం టొర్టోనా ఆసుపత్రిలో కొప్పి మరణించాడు. అప్పటికి అతని వయసు 40 సంవత్సరాలు. తన ఊపిరిని, నాడిని, ఆహారాన్ని అంత జాగ్రత్తగా లెక్కించుకున్న మనిషి ఒక రక్తపరీక్ష జరగక మరణించాడు. జెమినియానీ కోలుకొని 2024 వరకు, 99 ఏళ్ళ వయసు దాకా జీవించాడు.

కొప్పిపై విషప్రయోగం జరిగిందని 2002లో ఒక కథనం వెలువడగా టొర్టోనాలో విచారణ జరిపారు. అందులో ఆధారం ఏదీ లేదని తేలింది.

స్మారకాలు

1965 నుండి ప్రతి జిరోలోనూ అత్యంత ఎత్తైన కనుమకు చీమా కొప్పి, అనగా కొప్పి శిఖరం, అని పేరు పెడుతున్నారు. స్టెల్వియో కనుమ పందెంలో ఉన్న సంవత్సరాలలో సాధారణంగా ఆ గౌరవం దానికే దక్కుతుంది. గంట రికార్డుకు వాడిన సైకిలును కోమో సమీపంలోని మడోన్నా డెల్ గిసాల్లో ప్రార్థనాలయంలో ఉంచారు. అన్నదమ్ములిద్దరి సమాధులు స్వగ్రామంలో పక్కపక్కనే ఉన్నాయి. శతజయంతి సందర్భంగా 2019లో ఆ గ్రామం పేరును కాస్టెల్లానియా కొప్పి అని మార్చారు.